స్వహస్తక్షౌరము

పూర్వము సిసిలీ ద్వీపమందలి సిరాక్యూసు నగరమును డయొనీసియసు అను నిరంకుశుడు పాలించెను. క్రీ. పూ. 405 మొదలు 367 వరకు అతని యేలుబడి సాగినది. కోటలు, నావలు, కూలిసైన్యములు ఎన్ని యున్నను ఆ దొరకు కంటికి కునుకు లేదు. అతని భయములలో నొకటి క్షురకుని చేతి కత్తి. కంఠమును పరుని చేతి కప్పగించి కన్నులు మూసికొని కూర్చుండుటకు అతనికి ధైర్యము చాలలేదు. అందుచే తన కూతుండ్రకే క్షౌరము నేర్పించెననియు, వారు పెరిగి పెద్దవారైన పిదప వారి చేతినుండియు ఇనుమును మాన్పించి, కాల్చిన అక్రోటు చిప్పలతో గడ్డమును మాడ్పించుకొనెననియు రోమను వక్త సిసెరో వ్రాసియున్నాడు.

ఈ కథ విన్నవారికి సహజముగా ఒక ప్రశ్న తోచును. అంతటి అనుమానపు మనిషి ఆ కత్తిని తన చేతనే పట్టుకొని తన గడ్డమును తానే ఏల గొరుగుకొనలేదు? మనకు సులభముగా తోచు ఈ ఉపాయము అతనికి ఏల తోచలేదు?

తోచినను సాగెడిది కాదు. ఆ కాలపు అద్దమనగా మెరుగుపెట్టిన కంచుపలక. అందు ముఖము నీడవలె కనబడును గాని రోమము రోమముగా కనబడదు. సబ్బు నురుగు వాడుక లేదు, నీటితో తడుపుటయే. కత్తి యొక నిమిషము తెగి మరు నిమిషము మొద్దుబారునది. అట్టి కత్తిని నిలుపుట ఒక వృత్తి. అది దినమెల్ల దానినే పట్టిన చేతికి గాని లొంగదు. రోమనులకు క్షురకులే క్రీ. పూ. 300 ప్రాంతమున, ఆ సిసిలీ ద్వీపమునుండియే, టిటీనియసు మేనా అనువానివలన వచ్చిరనియు, అంతకు ముందు వారు గడ్డములు పెంచినవారే యనియు ప్లినీ పండితుడు చెప్పెను. ప్రతిదినము క్షౌరము చేయించుకొన్న మొదటి రోమనుడు చిన్న స్కిపియో యట. ‘చేయించుకొన్న’ అను మాటను చదువరులు గమనింతురు గాక. నీరో చక్రవర్తి తన తొలి గడ్డపు రోమములను ముత్యములు పొదిగిన బంగారు పెట్టెలో నుంచి జూపిటరు దేవునకు సమర్పించెను. అంత వైభవముగా జరిగిన ఆ తొలి క్షౌరమునందును ఆడినది పరుని చేయియే యై యుండును.

మన దేశమునను ఇంచుమించు అట్లే జరిగినది. క్షుర శబ్దము ఋగ్వేదమునందే కలదు. తొలి గడ్డమును తీయించు దినమునకు మన గృహ్యసూత్రకారులు ఒక సంస్కారమునే యేర్పరచిరి. దానికి కేశాంతమని పేరు. ఆ నాడు ఆచార్యునకు గోవు నిచ్చుటచే గోదానమనియు వాడుక. మనుస్మృతి బ్రాహ్మణునకు పదునారవ యేట, క్షత్రియునకు ఇరువదిరెండవ యేట, వైశ్యునకు ఇరువదినాలుగవ యేట దీనిని విధించినది. ఇన్ని విధులు చెప్పిన గ్రంథములలో కత్తి పట్టువాడు మాత్రము నాపితుడే. కఠోపనిషత్తు పరమార్థ మార్గమును క్షురధారతో పోల్చినది. కత్తి వాదర యొక్క కాఠిన్యము ఆ ఋషికి బాగుగా తెలిసియుండవలెను.

అయితే పదునైన లోహమును పట్టుట యెట్లో క్రమముగా నేర్పవలెనని మొట్టమొదట ఆలోచించినవారిలో మనవాడొకడు కలడు. సుశ్రుతాచార్యుడు. ఆయన చెప్పినది శస్త్రవైద్యులకు. కాని క్షురము పట్టగోరువాడును చదువదగిన మాటలవి. శాస్త్రమంతయు విన్నవాడైనను అభ్యాసము చేయనివాడు పనికి అయోగ్యుడని చెప్పి, గుమ్మడి, ఆనపకాయ, దోసకాయ మొదలగువానిపై కోతను నేర్పవలె ననెను. గీరుటను దేనిపై నేర్పవలెను? బిగించి కట్టిన, రోమములున్న తోలుపై. ఆ మాటను చదివినపుడు రెండువేల యేండ్ల నాటి శిష్యుడొకడు తోలు ముందర కూర్చుండి, నాలుక కరచుకొని, కత్తి వాలును సరిచూచుకొనుచున్నట్లు కన్నులకు కట్టును. పదును పెట్టుటకు మినుముల వన్నెగల నున్నని రాయి యుండవలె ననియు, పెట్టిన వాదరను నిలుపుటకు బూరుగు పలక యుండవలె ననియు ఆయనయే చెప్పెను. రోమమును తెగగోయు శస్త్రమే చక్కగా నూరిన శస్త్ర మనుట ఆయన పరీక్ష. కోతకు ఉపయోగించు శస్త్రపు వాదర వెంట్రుకలో సగము మందముండవలె నట!

అంతటి చదువు వైద్యులకు పుస్తకములో నెక్కినను, క్షురకునకు ఎక్కలేదు. అతడు తండ్రి ప్రక్కన కూర్చుండి కంటితో నేర్చెను. పొదిలో కత్తి, రాయి, తోలు, పటిక, ఇంటింటికి తిరుగుట, కోతల నాడు కళ్లమున మేర గింజలు కొలిపించుకొనుట. తెలుగునాట ఆ కులము వారు సన్నాయిని పట్టిరి, పుండ్లకు మందు కట్టిరి. వారి స్త్రీలు ఊరిలో పురుళ్లు పోసిరి. ఐరోపాలోను క్షురకులే శస్త్రవైద్యులు. లండను నగరమున 1540లో ఉభయ వృత్తుల వారిని ఒక సంఘముగా కూర్చిరి. 1745లో శస్త్రవైద్యులు విడిపోయి వేరు సంఘమైరి. పెద్దపీట వారిది, కత్తిపీట వీరిది అయినది. విద్య యొకటే యైనను పుస్తకము వ్రాసికొన్నవాడు పెద్దవాడగుట లోకమున తరచు జరుగునదే.

ఇక గృహస్థుడు తన గడ్డమును తానే గొరుగుకొనుటకు మంచి ఉక్కు, మంచి అద్దము, చెప్పువాడు అని మూడు వస్తువులు కుదురవలసి యుండెను. మూడును ఇంచుమించు ఒక శతాబ్దముననే, పదునెనిమిదవ శతాబ్దమున, కుదిరినవి. అద్దము సంగతి విస్తరింప పనిలేదు. గాజు అద్దములు నాటికి మధ్యతరగతి యిండ్లకు వచ్చినవి. ఉక్కు సంగతి చెప్పదగినది. ఇంగ్లండున బెంజమిన్ హంట్సుమన్ అను గడియారముల పనివాడు, గడియారపు తీగచుట్టలకు మేలైన ఉక్కు దొరకక విసిగి, షెఫీల్డు దగ్గర మట్టిమూసలలో ఉక్కును కరగించు పద్ధతిని 1740 ప్రాంతమున కనుగొనెను. షెఫీల్డు కత్తుల పనివారు ఇది మరీ గట్టిగా నున్నదని మొదట వలదనిరట. అతడు ఫ్రాన్సు దేశమునకు అమ్ముకొనెను. ఆ ఉక్కుతో ఫ్రెంచివారు చేసిన కత్తులు తమ అంగళ్లకే వచ్చి పడినపుడు గాని షెఫీల్డు వారికి కనువిప్పు కలుగలేదని చెప్పుదురు.

మూడవది, చెప్పువాడు. అతడు పారిసు నగరమున కత్తులు చేయు పెద్దపనివాడు. పేరు జాన్ జాక్ పెరె. 1769లో అతడు ఒక పుస్తకమును ప్రకటించెను. గ్రీకు పదములతో ‘పోగొనోటొమీ’ అని పేరు పెట్టెను. గడ్డమును ఛేదించుట అని అర్థము. తన గడ్డమును తానే గొరుగుకొన నేర్చు విద్య అని దాని ఉపనామము. ఎట్టి రాళ్లు పనిముట్లను నూరుటకు తగినవో గుర్తించుట, క్షురమును సవరించు తోళ్లను సిద్ధము చేయుట, మంచి క్షురములను చేయుట, ఇవియెల్ల ఆ ముఖపత్రముననే చెప్పబడినవి. చివర రక్తము తీయుటను గూర్చియు ఒక మాట చేర్చెను. ఆనాటి పనివారి సంఘములు తమ మెళకువలను బయట పెట్టుటకు ఒప్పుకొనని కాలమది. అట్టి కాలమున ఒక పనివాడు తన చేతిలోని రహస్యములను అచ్చువేయించి, వెల యిచ్చి కొన్న వాని కెల్ల అందజేసెను. చదువరి యెవడని పెరె అడుగలేదు. పుస్తకము అడుగజాలదు గదా.

పుస్తకము చూచి కత్తి పట్టవచ్చునా అని సంశయించువారు అప్పుడును ఉండియుందురు. సంశయము న్యాయమైనదే. పాతకాలపు తెరపు కత్తిని మొదటిసారి పట్టువాడు పడు పాట్లు ఎట్టివో కొంచెము చూతము.

అతడు మొదట కోయునది గడ్డమును గాదు, తోలుపట్టాను. క్షౌరమునకు ముందు కత్తిని తోలుపై రాచునపుడు వెన్ను ముందుగా, వాదర వెనుకగా నడువవలెను. పట్టా కొసకు వచ్చినపుడు కత్తిని పైకెత్తక వెన్నుమీదనే పొరలించి మరలింపవలెను. తొందరపడి ముందే పొరలించినవానికి తోలు చీలును, వాదరయు చెడును. రాతిమీద నూరుట దీనికి తారుమారు. అచ్చట వాదరయే ముందు నడుచును. ఈ రెంటిని కలగాపులగము చేసికొని మంచి కత్తిని పాడుచేసిన వారెందరో! రాయి వాదరను పుట్టించునది, తోలు దానిని సరిచేయునది. సుశ్రుతుని రాయియు బూరుగు పలకయు ఈ రెండు పనులకే గదా యని తోచును.

పిదప పట్టు. మూడు వ్రేళ్లు కత్తి మెడ పైభాగమున, చిటికెనవ్రేలు తోకమీద, బొటనవ్రేలు క్రింద. పిడి పైకి లేచియుండును. కొత్తవాడు దీనిని పిడికిట బిగించును. బిగించిన చేయి చర్మపు ఎత్తుపల్లములను ఎరుగదు. కత్తిని చర్మమునకు ముప్పది భాగల వాలున ఆనించవలెను. అంతకంటె నిలువైనచో చర్మమును గీరును; మరీ పడుకొన్నచో రోమమును పీకును. బరువు వేయరాదు. కత్తికి తన బరువే చాలును. కత్తి ఎల్లప్పుడును వాదరకు అడ్డముగా ముందునకు సాగవలెను గాని, వాదర పొడవునా, కూరగాయను తరిగినట్లు, ప్రక్కకు జారరాదు. గాయములన్నిటిలో లోతైనవి ఆ ప్రక్కజారుటవలననే కలుగును.

రెండవ చేయి పనిలేక యుండునదని తలచువాడు మోసపోవును. చర్మమును బిగలాగి పట్టునది అదియే. క్షౌరములో సగము పని దానిదే. అందుచే కుడిచెంపకు కుడిచేతితోను ఎడమచెంపకు ఎడమచేతితోను కత్తి పట్టుట నేర్చినవానికి సుఖము. అద్దము మరొక చిక్కు. ముందునకు జరుపదలచిన చేయి వెనుకకు జరుగును. కొన్ని దినములు అద్దములోని మనిషికిని ఇవతలి మనిషికిని పోరు తప్పదు.

కాబట్టి తెలిసినవారు చెప్పు క్రమమేమనగా, మొదట వేడినీటితో గడ్డమును బాగుగా నాననిచ్చి, కుంచెతో నురుగు పట్టించి, రోమముల వాలునబట్టి చెంపలను మాత్రము తీయవలెను. మొదటి వారమున అంతటితో ఆగవలెను. పిదప దవడ క్రింద, పిదప మెడ. గడ్డపు గుబ్బను, పై పెదవిని చిట్టచివరకు ఉంచవలెను. ఎదురువాలు తీయుట మొదటి మాసమున తలపెట్టరాదు. తెగినచో పటిక కలదు. సిగ్గుపడ పనిలేదు. పుస్తకము ఇంతవరకు చెప్పగలదు. చేయి వణకు నపుడు ఆగుమని మాత్రము అది చెప్పజాలదు. పెరె ఈ సంగతి నెరిగినవాడు కాబట్టియే, బడగివాని చిత్రికను చూచి, కత్తి వాదర కొంచెము మాత్రమే బయట నుండునట్లు కఱ్ఱ తొడుగు నొకదానిని కల్పించెను. కొత్తవాని కత్తికి వేసిన కళ్లెము అది.

ఆ కాలముననే అట్లాంటికు సముద్రమున కావల మరొక పెద్దమనిషి ఈ విషయమును గూర్చి ఆలోచించెను. ఆయన బెంజమిన్ ఫ్రాంక్లిను. గ్రంథాలయపు చందాదారులకు ఈ మహాశయుని చరిత్ర ప్రత్యేకముగా రుచించును. ఏలయన, 1731లో ఫిలడెల్ఫియా నగరమున చందాల గ్రంథాలయమును స్థాపించినవాడు ఆయనయే. మొదట ఏబదిమంది చందాదారులు. తలకు నలుబది షిల్లింగులు ప్రవేశము, ఏటికి పది షిల్లింగులు చందా. ముసలితనమున వ్రాసికొన్న స్వీయచరిత్రలో ఆయన, ఒక బీద యువకునకు వేయి గినీల నిచ్చుటకంటె తన గడ్డమును తాను గొరుగుకొని తన కత్తిని తాను సవరించుకొనుట నేర్పుటవలన అతనికి ఎక్కువ సుఖము కలుగవచ్చునని అభిప్రాయపడెను. సొమ్ము త్వరలో కరగిపోవును. విద్య యైనచో దినదినము ఉపకరించును, క్షురకునికై కాచుకొను బాధయు మొద్దుకత్తుల బాధయు తప్పునని ఆయన లెక్క. క్షురకులను గూర్చి ఆయన చెప్పిన కొన్ని మాటలు పరుషములు. పది యిండ్లు తిరిగి వచ్చి అలసినవాని శ్వాసను తప్పుపట్టుట అంత ఉచితము కాదు. అయినను, పుస్తకములను పదిమందికి పంచవలెనని తలచిన బుద్ధియే కత్తి పట్టుటను పదిమందికి నేర్పవలెనని తలచుట గమనింపదగినది.

ఇచ్చట మన నేలకు సంబంధించిన ముచ్చట యొకటి కలదు. హంట్సుమన్ మూసలో ఉక్కును కరగించుటకు పెక్కు శతాబ్దముల ముందే దక్షిణదేశపు కమ్మరులు మూసలలో ఉక్కును తీసిరి. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రము అందుకు పేరెన్నిక గన్న ఊరు. పారసీక వర్తకులు ఆ ఉక్కుకై అంత దూరము వచ్చెడివారు. ఐరోపావారు ‘వూట్జ్’ అని పిలిచిన పదము మన ఉక్కు శబ్దపు వికృతియే యని పలువురి మతము. 1795లో జార్జి పియర్సన్ దీనిని గూర్చి లండను రాయల్ సొసైటీలో ప్రసంగించెను. జేమ్సు స్టోడార్టు అను లండను కత్తుల పనివాడు ఆ ఉక్కుతో వైద్యుల పనిముట్లను, క్షురములను చేసి, ఐరోపా ఉక్కులన్నిటికంటె ఇది మేలని తన అంగడి చీటిలోనే అచ్చువేయించుకొనెను. ఆ స్టోడార్టుతో కలిసి 1818 మొదలు కొన్ని యేండ్లు ఉక్కు మిశ్రమములపై పరిశోధించినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు, పుస్తకములు కుట్టు పనిలో నుండి తాను కుట్టిన పుస్తకములనే చదివి పండితుడైనవాడు. మన ఉక్కు గుట్టును ఛేదింపబోయి, ఉక్కు ఐదువందల పాళ్లకు వెండి యొక పాలు చొప్పున కలిపిన మిశ్రమము మొదలైనవానిని వారు తయారుచేసిరి. అట్టి మిశ్రమముతో చేసిన క్షురములను ఫారడే తరువాతి కాలమున మిత్రులకు కానుక లిచ్చుచుండెడివాడు. ఇటు కోనసముద్రపు కొలుములు కాలక్రమమున చల్లారినవి.

స్వహస్తక్షౌరము కేవలము సౌకర్యమునకు సంబంధించినదే యైనచో కథ ఇంతటితో ముగియును. కాని కత్తి యెవని చేత నుండునను ప్రశ్నతోపాటు, కత్తి యెవని చెంపను ముట్టదను ప్రశ్నయు కలదు.

మోహనదాసు కరంచందు గాంధి 1888లో చదువుకై ఇంగ్లండు వెళ్లి, అక్కడికి పోయిన అందరివలెనే గడ్డము గొరుగుకొనుట నేర్చెను. తల కత్తిరించుకొనుట మాత్రము నేర్వలేదు. పిమ్మట ప్రిటోరియాలో ఒక ఆంగ్ల క్షురకుని యొద్దకు పోగా, అతడు నల్లవానికి చేయనని తిరస్కరించెను. గాంధి నొచ్చుకొని, కత్తెర యంత్రము నొకదానిని కొని, అద్దము ముందర నిలిచి తన తలను తానే కత్తిరించుకొనెను. ముందుభాగము కొంత కుదిరినది, వెనుకభాగము పాడైనది. న్యాయస్థానములోని స్నేహితులు ఎలుకలు కొరికినవా యని నవ్విరి. ఇంతవరకు అందరును ఎరిగినదే. తరువాత ఆయన వ్రాసికొన్నది అంతకంటె ముఖ్యము. ఆ క్షురకునిపై ఆయన కోపము నిలువలేదు. నల్లవానికి చేసినచో అతని తెల్ల బేరములు పోవును. మన దేశమున మన క్షురకులను అంటరానివారని చెప్పబడిన సోదరులకు మనము చేయనిచ్చితిమా? ఆ పాపమునకు ఫలమును తాను దక్షిణాఫ్రికాలో అనుభవించితినని ఆయన తలచెను.

మన గ్రామములలో ఈ సంగతిని దాచుట తగదు. రచ్చబండ దగ్గర వేపచెట్టు క్రింద అందరికి ఆడిన కత్తి దళితవాడకు పోలేదు. వారిలో ఒకరి కొకరు చేసికొనిరి. లేదా పట్టణమునకు నడచిపోయి, ఊరు పేరు చెప్పక, సెలూనులో కూర్చుండిరి. వాడకు పోయిన క్షురకునకు ఊరిలో మేర ఆగెడిది. ఆ భయమును పెట్టినవారు పెద్దకులముల వారే. తప్పునంతను కత్తి పట్టినవానిపై త్రోయుట సులభము గాని న్యాయము గాదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. 1955 నాటి చట్టము అట్టి నిరాకరణకు శిక్షను విధించినది. 1976లో దానినే సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. చట్టము వచ్చిన పిదపను పెక్కు ఊళ్లలో ఆ ఆచారము దశాబ్దములు నిలిచినది. అట్టి యింటిలో పుట్టిన కుఱ్ఱవాడు పగిలిన అద్దపు ముక్కను గోడకు ఆనించి, తన గడ్డమును తానే గొరుగుకొన నేర్చినపుడు, అది ఫ్రాంక్లిను లెక్కించిన సుఖముకంటె వేరైన సుఖము. దానిలో చేదును కలదు. ఊరివారు నిరాకరించిన దానిని అతడు తన చేతితో తీర్చుకొనవలసి వచ్చినది గదా.

తరువాతి కథ త్వరితమైనది. పెరె వేసిన కఱ్ఱ తొడుగు ఇనుపదై, అమెరికాలో 1880 ప్రాంతమున కాంపు సోదరుల చేతిలో రక్షణ క్షురమైనది. కింగ్ జిల్లెటు పలుచని బ్లేడును కల్పించి 1903లో అమ్మకము మొదలుపెట్టగా, ఆ యేడంతయు అమ్ముడైనవి 51 క్షురములు, 168 బ్లేడులు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధమున అమెరికా సైనికుల చేతులలో పడి అది లోకమంతట వ్యాపించినది. నూరుట లేదు, తోలు లేదు, మొద్దుబారినచో పారవేయుటయే. నేర్చుకొనువాని కష్టము పది పాళ్లలో తొమ్మిది పాళ్లు తగ్గినది.

గ్రామ క్షురకుని పొదిలోనికి మార్పు మరికొంత ఆలస్యముగా వచ్చినది. రక్తమువలన సోకు వ్యాధుల భయము, ముఖ్యముగా 1980 తరువాత ఎయిడ్సు భయము, ప్రబలిన పిమ్మట, ఒకే కత్తిని అందరికి వాడుట తగదని వైద్యులు చెప్పిరి. నాయీబ్రాహ్మణ సోదరులు పాత కత్తి వంటి పిడిలో సగము బ్లేడును అమర్చి, మనిషి మనిషికి మార్చుట అలవరచుకొనిరి. పట్టు పాతదే. ముప్పది భాగల వాలు పాతదే. రెండవ చేయి చర్మమును బిగలాగుట, రోమముల వాలునబట్టి మొదట చెంపను తీయుట, అన్నియు పాతవే. మినుముల వన్నె రాయి మాత్రము ఇంటి వసారాలో కొడవళ్లు నూరుకొనుటకు మిగిలినది.